కొంకణ తీరాన సైకిల్ బాట: వంతెనలు వచ్చాక మిగిలేదేమిటి?

ముంబాయి నుంచి గోవా వెళ్ళేందుకు ఉన్న దారులలో అన్నింటికంటె ఆలస్యమైనది సముద్రపు ఒడ్డున సాగే రాష్ట్ర రహదారి. రాయగఢ్ జిల్లాలోని రేవస్ రేవు నుంచి గోవా సరిహద్దున ఉన్న రేడీ వరకు ఐదు వందల కిలోమీటర్లకు పైబడిన ఈ రోడ్డును తొందరగా గమ్యం చేరదలచిన వారెవరూ ఎంచుకోరు. లారీలు రావు. బస్సులు తక్కువ. సరిగ్గా ఈ కారణం చేతనే దేశంలో దూరప్రయాణాలు చేసే సైకిలిస్టులకు ఇది ప్రీతిపాత్రమైన బాట అయింది. అయితే ఈ దారిని ఇంతకాలం నెమ్మదిగా ఉంచిన ఉప్పుటేర్లపై వంతెనలు కట్టి, దీనిని విశాలమైన తీర రహదారిగా మార్చాలని మహారాష్ట్ర ప్రభుత్వం సంకల్పించింది. స్థానికులకు ఎంతో అవసరమైన ఈ పథకం ఆ బాట అందాన్ని, దానిపై ఆధారపడిన చిన్న ఆదాయాలను ఏ మేరకు మిగులుస్తుందన్నదే ఇప్పుడు ప్రశ్న.

ఎక్కుడు దిగుళ్ళ దారి

తీరపు రోడ్డు అనగానే బల్లపరుపుగా ఉంటుందని భావించేవారికి కొంకణం మొదటి రోజునే బుద్ధి చెబుతుంది. సహ్యాద్రి నుంచి పడమటికి పారే పొట్టి నదులు సముద్రంలో కలిసేచోట లోతైన ఉప్పుటేర్లుగా విచ్చుకుంటాయి. వాటి నడుమ ఎర్రని లాటరైట్ రాతి పీఠభూములు సముద్రం అంచు దాకా చొచ్చుకువస్తాయి. అందువల్ల రోడ్డు కొబ్బరి తోటల మధ్య ఒక ఊరు దాటి, నిట్టనిలువుగా చెట్టుచేమలు లేని మెట్టపైకి ఎక్కి, అక్కడి నుంచి మళ్ళీ మరో ఏటి ఒడ్డుకు జారుతుంది. ఏ ఒక్క ఎక్కుడూ పెద్దది కాదు. కాని రోజంతా అవే పునరావృతమవుతూ ఉండడం వల్ల సాయంకాలానికి మొత్తం ఎక్కుడు వెయ్యి మీటర్లు దాటడం సామాన్యం. తేలిక గేర్లు, నమ్మదగిన బ్రేకులు లేని సైకిలుతో ఈ దారికి రావడం సాహసమే.

రోజుకు 60 నుంచి 80 కిలోమీటర్ల చొప్పున సాగితే యాత్రకు ఏడెనిమిది రోజులు పడుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ఆ నెలలలో మధ్యాహ్నం దాటాక వాయవ్యం నుంచి సముద్రపు గాలి వీస్తుంది గనుక ఉత్తరం నుంచి దక్షిణానికి ప్రయాణించేవారికి గాలి తోడ్పడుతుంది. వర్షాకాలంలో కొండ దారులు జారుడుగా మారతాయి, చిన్న పడవలు ఆగిపోతాయి.

మజిలీలు

ముంబాయి రద్దీలో తొక్కనవసరం లేకుండానే యాత్ర మొదలుపెట్టవచ్చు. 2020 మార్చిలో ప్రారంభమైన పెద్ద ఓడలో సైకిలుతో సహా మాండ్వా రేవుకు చేరి, అక్కడి నుంచి అలీబాగ్, రేవదండా, కాశీద్ మీదుగా మొదటి రోజు మురుడ్ చేరుకోవచ్చు. దారిలోని కోర్లాయి గ్రామంలో పోర్చుగీసు పాలన ముగిసి శతాబ్దాలు గడచినా ఆ భాష నుంచి పుట్టిన మాండలికం నేటికీ వినిపిస్తుంది. మురుడ్ ఎదుట సముద్రంలో సిద్దీల జంజీరా కోట ఉంది. మరాఠాలు ఎన్నిసార్లు ప్రయత్నించినా అది లొంగలేదు.

అక్కడి నుంచి దివేఆగర్, శ్రీవర్ధన్, హరిహరేశ్వర్, హర్ణై, దాభోళ్, గుహాగర్, గణపతిపులే వరుసగా వస్తాయి. గణపతిపులే నుంచి రత్నగిరి వెళ్ళే ఆరే-వారే దారిలో కొండ మలుపు తిరగగానే కింద రెండు తెల్లని ఇసుక తీరాలు కనిపించే దృశ్యం మొత్తం యాత్రలోనే రమణీయమైనదని చెప్పవచ్చు. రత్నగిరిలో బర్మా చివరి రాజు థీబా 1916లో మరణించే వరకు ప్రవాసంలో గడిపిన భవనం ఉంది. ఆ తరువాత ఆల్ఫాన్సో మామిడికి పేరుపడ్డ దేవగఢ్, శివాజీ 1664లో ప్రారంభించిన సింధుదుర్గ్ కోట గల మాల్వణ్, వెంగుర్లా దాటితే రేడీ. సింధుదుర్గ్‌ను 1997లోనే పర్యాటక జిల్లాగా ప్రకటించారు.

పంటుల మీద ప్రయాణం

ఈ బాటకు ప్రత్యేకత తెచ్చినవి ఉప్పుటేర్లు దాటించే ఫెర్రీలు. గోదావరి జిల్లాలవారు పంటు అని పిలిచే తరహాలో సైకిలు మొదలు కారు వరకు ఎక్కించుకునే ఈ పడవలు ఆగర్‌దాండా-దిఘీ, బాగ్‌మాండ్లా-వేశ్వీ, దాభోళ్-ధోపావే, తవసాళ్-జయగడ్ రేవుల మధ్య నడుస్తూ వచ్చాయి. పది పదిహేను నిమిషాల ఈ ప్రయాణం లేకపోతే చిప్లూన్ వంటి లోపలి పట్టణాల మీదుగా గంటల తరబడి చుట్టు తిరగవలసిందే. 1990 దశకంలో దేశమంతటా వివాదం రేపిన ఎన్రాన్ విద్యుత్ కేంద్రం దాభోళ్ పేరుతో ప్రసిద్ధికెక్కినా, అది నెలకొన్నది ఏటికి ఆవలి ఒడ్డున గుహాగర్ తాలూకాలో. వేల కోట్ల పెట్టుబడి వచ్చిన చోట కూడా రెండు ఒడ్లనూ కలిపే వంతెన మాత్రం రాలేదు.

ఊళ్ళకు చేరే రూపాయి

సైకిల్ యాత్రికుడు ధనవంతుడు కానవసరం లేదు. కాని కారులో వచ్చేవాడు ఒక్కచోట ఖర్చుపెట్టేది ఇతడు పది ఊళ్ళలో ఖర్చు పెడతాడు. గంటకొకసారి టీ, ఎండలో కోకం షర్బత్, మధ్యాహ్నం ఏదో ఒక ఖానావళ్‌లో చేపల పులుసు, రాత్రికి పోకతోట నడుమ ఎవరి ఇంట్లోనో అద్దె గది. మగవారు ఉద్యోగాలకై ముంబాయి వెళ్ళగా మిగిలిన ఇళ్ళలో ఈ గదులు, భోజనాల నిర్వహణ ఎక్కువగా స్త్రీల చేతుల మీదుగానే సాగుతుంది.

ఈ ఆదాయం విలువ 2020 జూన్ 3న నిసర్గ తుపాను తీరం దాటినప్పుడు తెలిసివచ్చింది. అలీబాగ్ నుంచి శ్రీవర్ధన్ వరకు కొబ్బరి, పోక తోటలు నేలమట్టమయ్యాయి. తిరిగి నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. అంతవరకు అతిథుల వల్ల వచ్చే నాలుగు రూపాయలే అనేక కుటుంబాలకు ఆధారం.

వంతెనల పథకం

తీర రహదారి ఆలోచన కొత్తది కాదు. ఎ.ఆర్. అంతులే ముఖ్యమంత్రిగా ఉన్న 1980-82 కాలం నాటిది. రేవదండా, జైతాపూర్ వంటి చోట్ల వంతెనలు ఏనాడో వచ్చాయి. మిగిలిన పెద్ద ఏర్లపై కూడా నిర్మించేందుకు రాష్ట్ర రహదారుల అభివృద్ధి సంస్థ ఇటీవలి సంవత్సరాలలో పూనుకుంది. ముంబాయి-గోవా జాతీయ రహదారిపై 2011లో మొదలైన విస్తరణ దశాబ్దం దాటినా పూర్తి కాకపోవడం ఈ ప్రత్యామ్నాయానికి మరింత బలం చేకూర్చింది.

వంతెనలను కాదనే నైతిక హక్కు విహారయాత్రికులకు లేదు. రాత్రి పొద్దుపోయి పంటు ఆగిపోయాక పురిటినొప్పులు వచ్చిన స్త్రీకి, ఆవలి ఒడ్డున కళాశాలలో చదివే విద్యార్థికి, మంచు కరిగేలోగా చేపను మార్కెట్టుకు చేర్చవలసిన బెస్తవారికి వంతెన అత్యవసరం. చిక్కల్లా వంతెనతో పాటు వచ్చే వేగంలోనే ఉంది. దారి దగ్గరయ్యే కొద్దీ జాతీయ రహదారి మీది లారీలు ఇటు మళ్ళుతాయి. ఒక బండి పట్టే రోడ్లను వెడల్పు చేయడానికి కొబ్బరితోటలు, పాత ఇళ్ళ అరుగులు పోతాయి. ఊరి వెలుపలి నుంచి బైపాస్ వేస్తే టీ దుకాణం ముందు ఆగేవారే ఉండరు.

విశాఖకూ ఇదే పాఠం

తెలుగువారికి ఈ సమస్య అపరిచితం కాదు. తూర్పు కనుమలు సముద్రాన్ని తాకే విశాఖపట్నం-భీమునిపట్నం బీచి రోడ్డు మీద ఉదయం వేళ సైకిళ్ళు బారులు తీరుతాయి. కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండల మీదుగా సాగే ఆ దారిలోనూ వాహనాలు పెరిగేకొద్దీ సైకిలుకు మిగిలే జాగా తగ్గుతూ వస్తోంది.

దీనికి పరిష్కారం కష్టమైనదేమీ కాదు. ప్రతి కొత్త వంతెనపై సైకిళ్ళకు, పాదచారులకు గోడతో వేరుచేసిన బాట ఉండాలి. వేగమార్గం ఎక్కడ కొత్తగా వేసినా ఊళ్ళ నడుమ సాగే పాత రోడ్డును వదిలివేయక, మరమ్మతులు చేసి, భారీ వాహనాలను నిషేధించి నిలబెట్టాలి. నమూనా గీసేటప్పుడు ఈ ఏర్పాట్లకయ్యే ఖర్చు స్వల్పం. కాంక్రీటు పోశాక అదే భారమవుతుంది. కొంకణ తీరంలో కొన్ని ఏర్ల మీద ఆ అవకాశం ఇంకా మిగిలే ఉంది. వంతెన రెండు ఒడ్లను కలపడానికే గాని, నడుమ ఉన్న ఊళ్ళను దారి నుంచి విడదీయడానికి కాదన్న ఇంగితం పాలకులకు కలగాలి.