నాన్న ఆడితే పని, నేను ఆడితే టైమ్ వేస్టా?

పోయిన ఏడాది పరీక్షల ముందు ఒక రాత్రి మా అబ్బాయి అడిగిన ప్రశ్న ఇది. అప్పుడు వాడు ఏడో తరగతి. పది గంటలకు వాడి చేతిలోంచి ఫోన్ లాక్కుని, "ఇక పడుకో" అని కసిరి, హాల్లోకి వచ్చి కంట్రోలర్ పట్టుకుని కూర్చున్నాను. ఆఫీసు పని అయ్యాక తీరిక వేళల్లో వీడియో గేమ్‌లకు రివ్యూలు రాయడం నా అలవాటు. ఆ రివ్యూ మర్నాటికి ఇవ్వాలి. వాడు గుమ్మంలో నిలబడి అడిగేసరికి నాకు నోట మాట రాలేదు.

రివ్యూ కోసం ఆడటం వేరని మర్నాడు చెప్పబోయాను. కొంతవరకు అది నిజమే. ఇరవై గంటల గేమ్ పూర్తి చేయాలంటే రోజుకు గంటన్నర చొప్పున రెండు వారాలు పడుతుంది. నచ్చని భాగాలు కూడా వదలకుండా ఆడాలి. "కానీ రివ్యూ ఇచ్చేశాక కూడా ఆడుతూనే ఉంటారుగా?" అని మా ఆవిడ అందుకుంది. అదీ నిజమే. అందుకని వాదన మానేసి, రివ్యూ రాసేటప్పుడు నేను ఏమేం చూస్తానో వాడికి చెప్పడం మొదలుపెట్టాను. గేమ్‌లు ఆడే అలవాటు లేని పేరెంట్స్ కూడా ఒక గంట పక్కన కూర్చుంటే ఇవన్నీ గమనించవచ్చు.

మొదట వయసు రేటింగ్. ప్లే స్టోర్‌లో గేమ్ పేరు దగ్గర 3+, 7+, 12+, 16+, 18+ అని కనిపిస్తుంది. హింస, భాష, భయపెట్టే దృశ్యాల వంటి వాటిని బట్టి ఆ అంకె ఇస్తారు. గేమ్ తేలికా కష్టమా అన్నదానితో దీనికి సంబంధం లేదు. అలాగని రేటింగే అన్నీ చెప్పదు. 2021లో వచ్చిన 'ఇట్ టేక్స్ టూ' సంగతే చూడండి. ఒక్కరే ఆడటానికి వీల్లేని గేమ్ అది, ఇద్దరు ఉండాల్సిందే. విడిపోవాలనుకున్న భార్యాభర్తలు బొమ్మలుగా మారిపోతారు. ఒక చోట ఒకరి దగ్గర మేకులు, మరొకరి దగ్గర సుత్తి ఉంటాయి. కలిసి పనిచేస్తే తప్ప ముందుకు పోలేరు. తండ్రీకొడుకులు ఆడుకోవడానికి ఇంతకంటే మంచి గేమ్ నాకు తెలియదు. యూరప్‌లో దానికి 12 రేటింగ్ ఉంది. మా వాడికి 12 నిండాయి కదా అని మొదలుపెట్టాం. మధ్యలో ఆ దంపతులు తమ కూతురికి ఇష్టమైన ఏనుగు బొమ్మను, అది బతిమాలుతున్నా వినకుండా ఈడ్చుకెళ్లే సన్నివేశం వచ్చింది. వెనక కూర్చుని చూస్తున్న మా మూడో తరగతి పాప ఏడ్చేసింది. అమ్మానాన్నలు విడిపోవడమన్న కథే పాప వయసుకు బరువని నాకు ముందే తట్టాల్సింది. ఆడేవాళ్ల వయసు ఒక్కటే చూసుకుంటే చాలదు, ఆ గదిలో ఇంకెవరున్నారో కూడా చూసుకోవాలి.

రెండోది, గేమ్ మనల్ని ఎక్కడ ఆపనిస్తుంది? ఇళ్లలో గొడవల్లో సగం దీని గురించే. మైన్‌క్రాఫ్ట్‌లో ఒంటరిగా ఇల్లు కట్టుకుంటున్న పిల్లాడు ఏ క్షణంలోనైనా ఆపేయగలడు, కట్టినది ఎక్కడికీ పోదు. బీజీఎంఐ లాంటి గేమ్‌లో స్నేహితులతో జట్టుగా దిగితే ఒక్కో మ్యాచ్‌కు అరగంట దాకా పడుతుంది. మధ్యలో పాజ్ చేసే వీలు లేదు. వదిలేసి వస్తే జట్టు దెబ్బతింటుంది, మర్నాడు క్లాసులో మాట పడేది వాడే. కాబట్టి "ఇంకో ఐదు నిమిషాలు నాన్నా" అన్న ప్రతిసారీ అది మొండితనం కాదు. మేము నిమిషాల లెక్క మానేసి మ్యాచ్‌ల లెక్క పెట్టుకున్నాం. హోంవర్క్ అయ్యాక ఒక మ్యాచ్, రాత్రి ఎనిమిది దాటితే కొత్త మ్యాచ్ మొదలుపెట్టకూడదు. పిలిస్తే రావడం లేదన్న గొడవ మా ఇంట్లో పూర్తిగా పోలేదు కానీ చాలా తగ్గింది.

ఇక డబ్బు. ఉచితమని దించుకున్న గేమ్‌లో జెమ్స్, కాయిన్స్ అమ్ముతారు. ఒక డ్రెస్సుకు 120 జెమ్స్ కావాలనుకోండి, ప్యాకెట్లు 100, 250 చొప్పున ఉంటాయి. మిగిలినవి వృథా కాకూడదని మళ్లీ కొంటాం. పైగా రూపాయలు జెమ్స్‌గా మారాక ఎంత ఖర్చయిందో పెద్దవాళ్లకే తెలియదు. డబ్బు పందెం కట్టే ఆన్‌లైన్ గేమ్‌లను నిషేధిస్తూ కేంద్రం 2025లో చట్టం చేసింది. అయితే ఇలా డ్రెస్సులు, జెమ్స్ కొనడం పందెం కాదు కాబట్టి, ఆ జాగ్రత్త మనమే పడాలి. ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. రెండు నిమిషాల పని.

అన్నట్టు, గేమ్ అంటే ఇష్టపడే ప్రతి పిల్లాడికీ 'అడిక్షన్' అని పేరు పెట్టేయకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ వ్యసనాన్ని జబ్బుగానే గుర్తించింది. కానీ ఆటపై అదుపు పోయి, చదువు, నిద్ర, స్నేహాలు దెబ్బతింటున్నా ఆపలేని స్థితి సాధారణంగా ఏడాది పాటు కొనసాగితేనే ఆ మాట వాడుతుంది. అలాంటి లక్షణాలు కనిపిస్తే మాత్రం తిట్టడం మాని డాక్టర్‌ను కలవాలి. అందుకు ఏడాది ఆగనక్కర్లేదు.

వాడి ప్రశ్న తర్వాత నేనూ మారాల్సి వచ్చింది. రివ్యూ పనిని తెల్లవారుజామున ఐదింటికి మార్చుకున్నాను. రాత్రి నా కంట్రోలర్ కూడా బీరువాలోకే వెళ్తుంది. ఆదివారం సాయంత్రం ఇంట్లో ఒక్కొక్కరు తమకు ఇష్టమైనదేదో ఒకటి అందరికీ చూపించాలి. మిగతావాళ్లు అరగంట సేపు వెక్కిరించకుండా చూడాలి, అదొక్కటే షరతు. మా అమ్మ 'మాయాబజార్' పెట్టింది. 1957 నాటి సినిమాను పిల్లలు అరగంటలో ఆపనివ్వలేదు. పాప తన కార్టూన్ పెట్టింది. అది చూడటం నాకు రివ్యూ రాయడం కంటే కష్టమైంది.

మా వాడు తన ఫోన్ గేమ్ చూపించాడు. నేను నోట్‌బుక్ ఇచ్చి రివ్యూ రాయమన్నాను. మొదట "సూపర్" అని ఒక్క మాట రాశాడు. ఎందుకు సూపరో రాయమంటే నాలుగు రోజులు తీసుకున్నాడు. "ఓడిపోయిన ప్రతిసారీ యాడ్ వస్తోంది. యాడ్ కోసమే ఓడిస్తున్నట్టుంది" అని రాసి, ఐదుకు రెండు మార్కులు వేశాడు. ఇప్పటికీ అప్పుడప్పుడు ఆ గేమ్ ఆడుతూనే ఉంటాడు. అదేంట్రా అంటే, "నువ్వూ అంతేగా నాన్నా" అంటాడు.