మాజీ సైనికులు - టీకా సందేహము

2021 సెప్టెంబరు 11వ తేదీన వికారాబాదులో మందులను, టీకాలను మోసికొని డ్రోను అను మానవరహిత విమానము ఎగిరెను. నవాబుపేట వంటి మండలముల పల్లెలకు మందు త్వరగా చేర్చు మార్గమును తెలంగాణ ప్రభుత్వము ఆనాడు పరీక్షించినది. కాని ఊరికి చేరిన టీకా మనిషికి చేరునను నమ్మకము లేదు. టీకా అందుబాటులో ఉన్నను వేయించుకొనుటకు వెనుదీయుటను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రజారోగ్యమునకు గల పది ముప్పులలో ఒకటిగా పేర్కొన్నది.

ధైర్యవంతులైన సైనికులకును ఈ సందేహము కలుగుట కొత్త కాదు. 1899లో బోయరు యుద్ధము మొదలగునాటికి బ్రిటిషు సైన్యము వద్ద టైఫాయిడు టీకా కలదు. అది సైనికుల ఇష్టమునకు విడువబడగా, కొద్దిమందియే వేయించుకొనిరి. వేలమంది ఆ జ్వరముతో మరణించిరి.

నేటి సైనికుడు కొలువులో ఉన్నంతకాలము ఆజ్ఞ ప్రకారము టీకా వేయించుకొనును. పదవీ విరమణ చేసి ఊరు చేరిన పిదప ఆజ్ఞాపించువారుండరు. నిర్ణయము ఆయనదే. వయస్సు మీరినకొలది శరీరపు రోగనిరోధక శక్తి తగ్గును గనుక, టీకా అవసరము అప్పుడే ఎక్కువ.

టీకా పని సైనికునికి సులభముగ బోధపడును. యుద్ధమునకు ముందు సైన్యము ఉత్తుత్తి పోరాటముతో అభ్యాసము చేయును గదా! టీకా కూడ రోగక్రిమి ఆనవాలును శరీరమునకు ముందే చూపి, ప్రతిరక్షకములను తయారు చేయించును. ఒకటి రెండు రోజులు వచ్చు కొద్దిపాటి జ్వరము సామాన్యముగ ఆ అభ్యాసపు శ్రమయే.

అయినను కేవలము ఉపన్యాసము చాలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున అమెరికాలో కర్ట్ లెవిన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, అలవాటులేని గుండె, మూత్రపిండము వంటి మాంసములను గృహిణులచే వండించుటను గూర్చి ప్రయోగము చేసెను. ఉపన్యాసము విన్నవారిలో నూటికి 3గురు మాత్రమే వండిరి. తమలో తాము చర్చించుకొని, చేతులెత్తి నిర్ణయము తెలిపినవారిలో నూటికి 32 మంది వండిరి.

బృంద సలహా పద్ధతికి ఇట్టి అనుభవమే ఆధారము. ఎనిమిది, పదిమంది మాజీ సైనికులు ఊరి బడిలో వలయముగ కూర్చుందురు. వైద్యుడు ఆజ్ఞాపింపడు. "సుబేదారు సాబ్, మీ అనుమానమేమిటో చెప్పండి" అని అడిగి, పూర్తిగా వినును. టీకా వేయించుకొన్న తోటి సైనికుడు తన అనుభవము చెప్పును. తీవ్రమైన అలర్జీ కలవారు ముందుగా వైద్యునికి తెలుపవలెనని, అరుదైన దుష్ఫలితములును ఉండునని దాచక వివరింతురు. ఎవరును ఎవరిని పరిహసింపరు. నిర్ణయము ఎవరిది వారిదే.

ఉపాధ్యాయులు ఈ పద్ధతిని తరగతిలోనే ప్రయత్నింపవచ్చును. సందేహమును మందలించుటకంటె విని జవాబు చెప్పుటయే మేలని విద్యార్థులు గ్రహించినచో, ఇంటిలోని తాతగారితో మాటాడుటయు వారికి తెలియును.