గగనపథంలో గుర్తులు

నేలపై నడిచే బాటసారికి మైలురాళ్ళు దారి చూపుతాయి. సముద్రంపై సాగే నావికునికి దీపస్తంభాలు ఆధారమవుతాయి. ఆకాశంలో పయనించేవారికి అటువంటి గుర్తులేవీ కంటికి కనిపించవు. మేఘాలు కమ్మినవేళ, చీకటి ఆవరించిన రాత్రివేళ, తానెక్కడ ఉన్నదీ తెలుసుకోవడానికి వైమానికుడు చెవినే కన్నుగా చేసుకోవలసి వచ్చింది. ఆ అవసరం నుండి పుట్టినవే రేడియో మార్గదర్శక కేంద్రాలు.

1920లలో అమెరికాలో తపాలా విమానాల కోసం సుమారు పది మైళ్ళకొకటి చొప్పున దీపస్తంభాలను నెలకొల్పారు. ప్రతి స్తంభమూ తనకు కేటాయించిన అక్షరాన్ని మోర్స్ సంకేతలిపిలో మెరుపుల రూపంలో ప్రకటించేది. ఈ లిపిలో ప్రతి అక్షరమూ చుక్కల, గీతల కూర్పు. చుక్క అంటే క్షణకాలపు మెరుపు. గీత అంటే కొంత దీర్ఘమైన మెరుపు. అయితే పొగమంచు కమ్మితే దీపం కనిపించదు. అందుచేత ఆ దశాబ్దం చివరినాటికి వెలుగు స్థానంలో ధ్వని ప్రవేశించింది. రేడియో కేంద్రం ఒక వైపునకు ‘ఎ’ అక్షరాన్ని, మరొక వైపునకు ‘ఎన్’ అక్షరాన్ని ప్రసారం చేసేది. మొదటిది చుక్క, గీత. రెండవది గీత, చుక్క. విమానం సరియైన దారిలో ఉన్నప్పుడు ఆ రెండూ ఒకదానిలో ఒకటి ఇమిడి, తెంపులేని ఒకే నాదంగా వినిపించేవి. దారి తప్పితే ఏదో ఒక అక్షరం పైకి తేలేది.

తరువాతి కాలంలో రెండు రకాల కేంద్రాలు ప్రపంచమంతటా వ్యాపించాయి. మొదటి రకాన్ని ఎన్‌డీబీ అంటారు. ఇది అన్ని దిక్కులకూ ఒకే తీరున తరంగాలను పంపుతుంది. విమానంలోని సూచిక ముల్లు ఆ కేంద్రం వైపు తిరుగుతుంది. ఉరుములు, మెరుపులు ఉన్నప్పుడు ఈ ముల్లు తడబడుతుంది. రెండవ రకం వీఓఆర్. 1949లో అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తింపు పొందిన ఈ విధానం 108 నుండి 118 మెగాహెర్ట్జ్‌ల మధ్య పనిచేస్తుంది. ఇందులో రెండు సంకేతాలు ఉంటాయి. ఒకటి అన్ని దిక్కులలోనూ ఒకే తీరుగా ఉంటుంది. రెండవది దిక్కును బట్టి మారుతుంది. ఆ రెండింటి మధ్య గల తేడాను కొలిచి, విమానం ఆ కేంద్రానికి ఏ దిక్కున ఉన్నదీ పరికరం చెప్పగలుగుతుంది.

కాని ముల్లు చూపినది ఏ కేంద్రాన్ని అనే ప్రశ్న మిగిలే ఉంటుంది. అందుకే ప్రతి కేంద్రమూ తన పేరును మోర్స్ లిపిలో పదేపదే పలుకుతుంది. ఢిల్లీ వీఓఆర్ పలికే అక్షరాలు డీ, పీ, ఎన్. కేంద్రం మరమ్మతులో ఉన్నప్పుడు ఈ గుర్తును నిలిపివేయడం ఆనవాయితీ. అంటే మౌనం కూడా ఒక సమాచారమే: ముల్లు కదులుతున్నా దానిని నమ్మరాదని అర్థం. ఈ విధంగా వైమానికుని ముందు మూడు ఆధారాలు ఉంటాయి. మొదటిది పౌనఃపున్యం, రెండవది గుర్తు అక్షరాలు, మూడవది దిక్కు. ఈ మూడూ ఏకీభవించినప్పుడే ఆ కేంద్రాన్ని గుర్తించినట్లు లెక్క.

మూడింటి అవసరం ఎందుకో చిన్న గణితం చెబుతుంది. ఆంగ్లంలో 26 అక్షరాలే ఉన్నాయి. ఒక్క అక్షరంతో 26 పేర్లు, రెండింటితో 676, మూడింటితో 17,576 పేర్లు మాత్రమే సాధ్యం. కాబట్టి ఒకే గుర్తు ప్రపంచంలో పలుచోట్ల మళ్ళీ మళ్ళీ కనిపించక తప్పదు. ఒకే గుర్తు గల కేంద్రాలు ఒకదానికొకటి దూరంగా ఉండాలన్నది నియమం. ఆ దూరం చాలనప్పుడు ఏమి జరుగుతుందో 1995 డిసెంబరు 20 రాత్రి లోకానికి తెలిసింది.

ఆనాడు అమెరికన్ ఎయిర్‌లైన్స్ వారి 965వ నంబరు బోయింగ్ 757 విమానం మయామీ నుండి కొలంబియాలోని కాలీ నగరానికి బయలుదేరింది. అందులో 155 మంది ప్రయాణికులు, 8 మంది సిబ్బంది ఉన్నారు. కాలీ విమానాశ్రయం ఆండీస్ పర్వతశ్రేణుల నడుమ, ఉత్తర దక్షిణాలుగా సాగే లోయలో ఉంది. అక్కడి రాడార్‌ను 1992లో తిరుగుబాటుదారులు ధ్వంసం చేశారు. అందువల్ల విమానం ఎక్కడ ఉన్నదీ నేలపైనున్న నియంత్రకునికి కనిపించే అవకాశం లేదు. గమ్యం సమీపించిన తరువాత, ఉత్తరం వైపు నుండి నేరుగా దిగవచ్చునని నియంత్రకుడు సూచించాడు. వైమానికులు అంగీకరించారు. దానితో వ్యవధి తగ్గి, తొందర పెరిగింది.

దిగే దారిలో రోజో అనే ఎన్‌డీబీ ఉంది. పటంలో దాని గుర్తు ‘ఆర్’ అనే ఒక్క అక్షరం. వైమానికులు విమానంలోని కంప్యూటరులో ఆ అక్షరాన్నే నమోదు చేసి, జాబితాలో మొదట వచ్చిన కేంద్రాన్ని ఎంచుకున్నారు. కాని అది రోజో కాదు. నూరు మైళ్ళకు పైగా దూరాన, బొగోటా సమీపంలో ఉన్న రోమియో. దాని గుర్తూ ‘ఆరే’. దాని పౌనఃపున్యమూ 274 కిలోహెర్ట్జ్‌లే. రెండు ఆధారాలు సరిపోయాయి. మూడవది మాత్రం సరిపోలేదు. రోజో ఎదుట దక్షిణాన ఉండగా, విమానం ఎడమకు, అంటే తూర్పున పర్వతాల వైపునకు తిరిగింది. పొరపాటు గ్రహించి వెనుకకు మళ్ళించేలోగా విమానం కిందికి దిగుతూనే ఉంది. నేల సమీపిస్తున్నదని హెచ్చరిక మోగింది. వైమానికులు యంత్రాలకు పూర్తి శక్తినిచ్చారు. కాని వేగాన్ని తగ్గించడానికి రెక్కలపై లేపిన పలకలను దించలేదు. కొన్ని సెకన్లలోనే విమానం సుమారు 8,900 అడుగుల ఎత్తున కొండను ఢీకొన్నది. 159 మంది మరణించారు. నలుగురు మాత్రమే బ్రతికి బయటపడ్డారు.

కొలంబియా ప్రభుత్వ విచారణ ఈ దుర్ఘటనకు పలు కారణాలను పేర్కొన్నది. కంప్యూటరు ఆధారిత మార్గదర్శనం గందరగోళంగా మారినప్పుడు వైమానికులు ప్రాథమికమైన రేడియో మార్గదర్శనానికి మరలకపోవడం వాటిలో ఒకటి. ఆ తరువాత, ఎదుటనున్న కొండలను ముందుగానే పసిగట్టి హెచ్చరించే పరికరాలు ప్రయాణికుల విమానాలలో తప్పనిసరి అయ్యాయి.

నేడు విమానాలకు ఉపగ్రహాలు దారి చూపుతున్నాయి. భారతదేశంలో ‘గగన్’ వ్యవస్థ ఆ సేవలను మరింత ఖచ్చితం చేసింది. పలు దేశాలలో పాత రేడియో కేంద్రాల సంఖ్య తగ్గుతున్నది. అయినా ఉపగ్రహ సంకేతాలకు అంతరాయం కలిగినప్పుడు ఆదుకొనేందుకు కొన్నింటిని నిలిపి ఉంచుతున్నారు. అవి నేటికీ చుక్కలతో, గీతలతో తమ పేర్లను చెప్పుకుంటూనే ఉన్నాయి. పేరు వినగానే నమ్మక, అది వినవచ్చిన దిక్కును కూడా సరిచూసుకున్న వైమానికునికే ఆ పలుకులు నిజమైన దారిని చూపుతాయి.