మేనిచాయ: ఇంటి మాటలూ, సంత మాటలూ

పెళ్ళి ముహూర్తాలు దగ్గర పడుతున్నాయంటే మా తిరువూరులో బంగారం కొట్ల తరువాత సందడిగా ఉండేవి మందుల షాపులే. ఆడపిల్లలు, ఈ మధ్య మగపిల్లలు కూడా, లోగొంతుకతో "తెల్లబడే క్రీము" అడుగుతారు. షాపతను అంతకంటే మెల్లిగా ఒక చిన్న ట్యూబు కాగితంలో చుట్టి ఇస్తాడు. నేను చెప్పేది తెలుగు పాఠాలే గాని వైద్యం కాదు. అయినా ఇన్నేళ్ళుగా ఆడపిల్లల ముఖాలు చూస్తూ పాఠం చెప్పేదాన్ని కనుక, ఆ ట్యూబు సంగతి చెప్పక తప్పదు.

డిగ్రీ చివరి ఏడాది పిల్ల ఒకతె చున్నీతో ముఖం కప్పుకుని నా దగ్గరకు వచ్చింది. "ఎండలోకి వెళ్ళలేకపోతున్నానండీ మేడమ్, ఒకటే మంట" అన్నది. చున్నీ తీస్తే బుగ్గల మీద సన్నటి ఎర్రటి నరాలు, గడ్డం నిండా మొటిమలు, చెంపల మీద నూగు. సంబంధం వాళ్ళెవరో "పిల్ల చామనచాయ" అన్నారట. చుట్టాలావిడ ట్యూబు పేరు చెప్పిందట. మొదటి పదిహేను రోజులూ నిజంగానే రంగు తేలింది. ఆ తరువాత రాస్తే హాయి, మానితే మంట! అలా నాలుగు నెలలు.

ఆ ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్. ఎగ్జిమా వంటి జబ్బులకు డాక్టర్లు కొద్దిరోజులు వాడమనే మందు. మంచి మందే, కాని అలంకారానికి కాదు. వాడగా వాడగా చర్మం పలచబడి లోపలి నరాలు పైకి కనిపిస్తాయి. ఇటువంటి పూతమందులను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని కేంద్ర ప్రభుత్వం 2018లో గట్టిగా ఉత్తర్వు చేసింది. ఉత్తర్వు ఢిల్లీలో ఉంది, ట్యూబు మా వీధిలో ఉంది. పిల్లను విజయవాడలో చర్మవైద్యుల వద్దకు పంపాము. కుదుటపడటానికి నెలలు పడుతుందన్నారు. పెళ్ళివారి సంగతి అడగవద్దు.

అసలు రంగు ఎక్కడిది? చర్మంలో మెలనిన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలుంటాయి. తెల్లవాడిలోనూ నల్లవాడిలోనూ వాటి సంఖ్య దాదాపు ఒకటే. అవి ఎంత రంగు తయారుచేస్తాయి, ఏ రకం తయారుచేస్తాయి అన్నదే తేడా. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఆ రంగే గొడుగు. మా ఊరి వేసవి ఎరిగిన వారికి గొడుగు విలువ వేరే చెప్పనక్కరలేదు. అయినా 1975లో బజారులోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ, పేరులోని తెలుపును వదులుకుని గ్లో అండ్ లవ్లీగా మారటానికి 2020 దాకా పట్టింది. ద్రౌపదికి కృష్ణ అన్న పేరు ఆమె నలుపువల్లనే వచ్చిందని క్లాసులో చెబితే పిల్లలు ఇప్పటికీ ఆశ్చర్యపోతారు. సినిమాల్లో అలా చూడలేదు మరి.

ఇంటి వైద్యాలన్నీ మంచివే అనుకుంటే అదీ పొరపాటే. మా అత్తగారు సున్నిపిండికి పరమ భక్తురాలు. పెసరపిండితో నలుగు పెడితే జిడ్డూ, పై పొరలోని మృతకణాలూ పోయి మేను నిగనిగలాడుతుంది. అంతవరకు నిజం. రంగు మారదు. పసిపిల్లకు పిండితో రుద్దితే నూగు పోతుందంటారు. ఆ నూగు కొద్ది వారాల్లో దానంతట అదే రాలిపోతుంది, పేరు మాత్రం పిండికి వస్తుంది! గట్టిగా రుద్దితే బిడ్డ లేతచర్మం కందుతుంది. కడుపుతో ఉన్నప్పుడు కుంకుమపువ్వు పాలు తాగితే బిడ్డ తెల్లగా పుడుతుందన్నది వట్టిమాట. రంగు తల్లిదండ్రుల జన్యువుల నుంచి వచ్చేది, పాలగ్లాసులో నుంచి కాదు.

పసుపు కథ వేరు. గాయాలకు పసుపు వాడటం మీద అమెరికాలో 1995లో పేటెంటు ఇచ్చేశారు. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి పాత సంస్కృత గ్రంథాన్ని కూడా సాక్ష్యం పెట్టి వాదిస్తే 1997లో రద్దు చేశారు. మన అమ్మమ్మల వైద్యానికి అంత గౌరవం దక్కింది. అయితే ఆ వివాదం కొత్తగా కనిపెట్టారా, పాతదేనా అన్నదాని మీద. ముఖం తెల్లబడుతుందని ఎవరూ వాదించలేదు.

నిమ్మరసం మాత్రం ముఖానికి వద్దు. అసలే ఘాటైన పులుపు. పైగా అది పూసుకుని ఎండలోకి వెడితే కొందరికి బొబ్బలెక్కి నల్లమచ్చలు మిగులుతాయి. తెలుపుకోసం పోయి నలుపు కొనితెచ్చుకోవటం! సబ్బుకూడా మితంగానే. మన చర్మానికి స్వతహాగా కొంచెం ఆమ్లగుణం ఉంటుంది, మామూలు సబ్బు క్షారం. పొడిబారే చర్మానికి స్నానం కాగానే కాస్త కొబ్బరినూనె చాలు. మొటిమలున్న ముఖానికి మాత్రం ఆ నూనె తగదు.

మా వైపు మామిడితోటలు ఎక్కువ. కోతల రోజుల్లో కూలీల చేతులమీద, పిల్లల పెదవుల పక్కన కనిపించే మచ్చలను "వేడిచేసింది" అంటారు. వేడి కాదు, సొన. మామిడి, జీడిమామిడి, చాకళ్ళు బట్టలకు గుర్తుపెట్టే నల్లజీడి, మూడూ ఒకే కుటుంబపు చెట్లు. ఆ సొన తగిలితే వెంటనే సబ్బుతో కడగాలి. కాయను తొడిమ తీసి, కడిగి తినాలి.

ఇంకొకటి, సోదరీమణులు గమనించవలసినది. నుదుట బొట్టుబిళ్ళ పెట్టేచోట దురదగాని, తెల్లటి మచ్చగాని కనిపిస్తే ఆ జిగురు పడటంలేదని అనుమానించాలి. కొన్ని జిగురుల్లోని రసాయనం రంగుకణాలను చంపుతుంది. వెంటనే బిళ్ళ మానేసి చర్మవైద్యులకు చూపించండి. మచ్చ కనపడకుండా ఇంకా పెద్ద బిళ్ళ పెట్టేవారిని నేను చూశాను.