ఎన్నికల ప్రచారంలో ‘ఆత్మగౌరవం’: ఒక మాట పనిచేసే తీరు

ఎన్నికల ప్రచారంలో వినిపించే మాటలను స్థూలంగా రెండు రకాలుగా విభజించవచ్చు. కొన్ని కొలతకు అందుతాయి. కొన్ని అందవు, కాని వినగానే మనసులో నాటుకొంటాయి. 1983 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు జరిగిన ఎన్నికలలో ఈ రెండు రకాలూ పక్కపక్కనే వినిపించాయి. అందువల్ల వాటినే ఉదాహరణగా తీసుకొందాం.

1982 మార్చి 29న తెలుగుదేశం పార్టీని స్థాపించిన ఎన్.టి. రామారావు ‘తెలుగువారి ఆత్మగౌరవం’ అన్న మాటను ఊరూరా వినిపించారు. ఆత్మగౌరవం సాధారణంగా వ్యక్తికి సంబంధించిన గుణం. దాని ముందు ‘తెలుగువారి’ అని చేరడంతో అది జాతి మొత్తానికి చెందినదయింది. 1978 ఎన్నికల తరువాత ఒక్క శాసనసభ కాలంలోనే రాష్ట్రం నలుగురు కాంగ్రెసు ముఖ్యమంత్రులను చూసింది. ఆ మార్పులు ఢిల్లీలో నిర్ణయమవుతున్నాయన్న అసంతృప్తి జనంలో అప్పటికే ఉంది. నినాదం దానిని పుట్టించలేదు, దానికి ఒక పేరు పెట్టింది. ముఖ్యమంత్రికి జరిగిన అవమానం వింటున్నవారికి సొంత అవమానంగా తోచింది. ‘ఆడపడుచులు’ అన్న సంబోధన, జనం ఆయనను ‘అన్న’ అని పిలవడం సభను కుటుంబంగా మార్చాయి. ఇంటివారిని లెక్క అడగడానికి ఎవరైనా కొంత సంకోచిస్తారు.

అదే ప్రచారంలో కిలో రెండు రూపాయలకే బియ్యం ఇస్తామన్న వాగ్దానమూ ఉంది. ఇది కొలతకు అందే మాట. ఇచ్చారా, లేదా అన్నది రేషన్ దుకాణం దగ్గరే తేలుతుంది. 1967లో తమిళనాట డి.ఎం.కె. రూపాయికి మూడు పడుల బియ్యం అంది. అధికారంలోకి వచ్చాక మద్రాసు, కోయంబత్తూరులలో ఒక్క పడి మాత్రమే ఇవ్వగలిగింది. అంకె ఉంది కాబట్టే ఆ తేడా అందరికీ కనిపించింది.

ఆత్మగౌరవానికి అంకె లేదు. అందుకే దానిలో ఎవరినైనా ప్రత్యర్థిగా నిలపవచ్చు. 1925లో పెరియార్ ప్రారంభించిన ‘సుయమరియాదై’ ఉద్యమం పేరుకు అర్థం ఆత్మగౌరవమే. అక్కడ ఎదుటి పక్షం కులాధిక్యం. 1983లో ఎదుటి పక్షం ఢిల్లీ అధిష్ఠానం. 2014లో రాష్ట్రంగా ఏర్పడేవరకు సాగిన తెలంగాణ ఉద్యమంలోనూ ఈ మాటే ముఖ్యం. అక్కడ ఎదుటి పక్షం కోస్తాంధ్ర నాయకుల ఆధిపత్యం. తెలుగువారందరినీ ఒకటిగా చూపిన మాటే ఇక్కడ వారిని రెండుగా చూపింది. ఈ మూడు సందర్భాలలోనూ ఫిర్యాదు నిరాధారం కాదు. ప్రచారభాష అంటే అబద్ధం అని అర్థం కాదు. అది ఉన్న బాధకు ఒక దిక్కు చూపుతుంది. ఆ దిక్కు సరైనదా అన్నది ఓటరు విడిగా ఆలోచించవలసిన విషయం.

రాష్ట్రేతర ప్రాంతాలలోని తెలుగు విద్యార్థులకు ఇందులో ఒక సౌకర్యం ఉంది. మీకు రెండు భాషలు వచ్చు. మీ ఊళ్ళో వినిపించే నినాదాన్ని తెలుగులోకి మార్చి చూడండి. బియ్యం ధర ఏ భాషలోనైనా అంతే ఉంటుంది. ‘మన గౌరవం’ అన్న మాట మాత్రం మారుతుంది. తమిళంలోనో, కన్నడంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో వినిపించే ఆ ‘మన’లో మీరు ఉన్నారా, బయట ఉన్నారా? ఎవరి గౌరవం, ఎవరి వల్ల పోయింది, ఏం చేస్తే, ఎప్పటికి తిరిగి వస్తుంది? ఓటు వేసేముందు ఈ ప్రశ్నలు అడగండి. మీరున్నచోట తెలుగు పేరుతో ఎవరైనా వచ్చి ఓటు అడిగినప్పుడు కూడా ఇవే ప్రశ్నలు అడగాలి.