దేహభారం, మనోభారం

ఊబకాయం గురించి మాట్లాడని ఇల్లు నేడు లేదు. ఆ దేహాన్ని మోస్తున్న మనిషి మనసులో ఏముందో అడిగే ఇల్లు మాత్రం అరుదు. దావతులో సలాము అందుకున్న మరుక్షణమే "ఇంకా లావయ్యావే" అంటాం. పెళ్లి చూపులకు వచ్చినవారు అమ్మాయి చదువు కన్నా ముందు ఆమె నడుమును కొలుస్తారు. తోటి పిల్లలు ఒక బాలుణ్ణి "మోటూ" అని పిలుస్తుంటే పెద్దలు నవ్వి ఊరుకుంటారు. చిత్రమేమిటంటే, తిండి తగ్గించమని హితవు చెప్పిన ఖాలాయే మరో గరిటె బిర్యానీ వడ్డించి, తినకపోతే అలుగుతుంది. ఈ రెండు ఒత్తిళ్ల మధ్య నలిగిపోయే మనసును గురించి ఈ నెల మా పాఠకులతో మాట్లాడదలచాం.

ఇది ఏ కొద్దిమందికో పరిమితమైన సమస్య కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవారు దేశం మొత్తం మీద సుమారు 24 శాతం. తెలంగాణలో అది 30 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం. అంటే మన వాడలో ప్రతి మూడు ఇళ్లలో ఒక ఇంట ఈ పోరాటం మౌనంగా సాగుతూ ఉండవచ్చు.

దాగి ఉండే దుఃఖం

బరువు పెరిగిన మనిషి మొట్టమొదట కోల్పోయేది ఆరోగ్యాన్ని కాదు, నలుగురిలో కలిసే ధైర్యాన్ని. వలీమాకు వెళ్లకుండా ఉండటానికి తలనొప్పి సాకవుతుంది. ఫొటో తీసేటప్పుడు వెనుక వరుసే గతి అవుతుంది. జ్వరానికి, మోకాలి నొప్పికి వైద్యుని వద్దకు వెళ్లినా మొదట బరువు గురించే మందలింపు వినవలసి వస్తుంది గనుక కొందరు వైద్యుని వద్దకు వెళ్లడమే మానుకుంటారు. అవసరమైన పరీక్షలు ఆ విధంగా సంవత్సరాల తరబడి వాయిదా పడతాయి.

మరో దుఃఖం ఇంకా లోతైనది. అందరి ముందు రెండు ముద్దలతో సరిపెట్టుకున్న ఆమె, ఇల్లు నిద్రపోయాక వంటగదిలో ఒంటరిగా నిలబడి, ఆకలి లేకపోయినా, ఆపుకోలేక తింటుంది. తరువాత ఏడుస్తుంది. మరునాడు తనను తాను శిక్షించుకోవడానికి పస్తుంటుంది. ఆ పస్తు మరో రాత్రికి దారి తీస్తుంది. అమెరికా వైద్యుడు ఆల్బర్ట్ స్టంకార్డ్ 1959లోనే ఈ తీరును వర్ణించారు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం దీనిని ప్రత్యేక రుగ్మతగా తన నిర్ధారణ గ్రంథంలో చేర్చింది. కనుక దీనిని తిండిపోతుతనమని తీసిపారేయడం అన్యాయం. దీనికి చికిత్స ఉంది, దానిని కోరడంలో సిగ్గు లేదు.

మన ఇళ్లలోని తల్లుల విషయంలో మరొకటి గమనించాలి. అన్నం పారేయడం ఇస్రాఫ్ అని మనకు చిన్ననాటి నుంచి నేర్పారు. నేర్పవలసిందే. కాని పిల్లల పళ్లాల్లో మిగిలింది, గిన్నె అడుగున మిగిలింది, నిన్నటి దాల్చా, ఇవన్నీ చివరకు తల్లి కడుపులోకే చేరుతున్నాయి. దుబారాను ఆపవలసింది వడ్డించే చోట, తల్లి కంచంలో కాదు. పిల్లలకు కొద్దిగా వడ్డించి, అడిగితే మళ్లీ పెట్టడమే దీనికి సరళమైన మార్గం.

సంకల్పం ఒక్కటే చాలదు

"నోరు కట్టుకుంటే తగ్గదా?" అనే ప్రశ్న ఎంతోమందిని గాయపరిచింది. తగ్గినవారే మళ్లీ ఎందుకు పెరుగుతున్నారు? ఆస్ట్రేలియా పరిశోధకులు 2011లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 50 మంది అధిక బరువు గలవారు పది వారాల పాటు అతి తక్కువ ఆహారంతో బరువు తగ్గించుకున్నారు. ఒక సంవత్సరం గడిచిన తరువాత కూడా వారి దేహంలో ఆకలిని పెంచే హార్మోన్లు ఎక్కువగానే, తృప్తినిచ్చేవి తక్కువగానే ఉన్నాయి. దేహం తాను కోల్పోయిన కొవ్వును కరువుగా భావించి, దానిని తిరిగి సంపాదించుకోవాలని ప్రయత్నిస్తుంది.

అమెరికాలో బరువు తగ్గే పోటీగా సాగిన ఒక టెలివిజన్ కార్యక్రమంలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ల తరువాత పరీక్షించి, 2016లో ఫలితాలు వెల్లడించారు. సగటున 58 కిలోలు తగ్గిన వారు అందులో 41 కిలోలు తిరిగి పొందారు. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు వారి దేహం ఖర్చు చేసే శక్తి, ఆ పరిమాణం గల మనిషికి ఉండవలసిన దానికన్నా రోజుకు దాదాపు 500 కెలోరీలు తక్కువగా ఉంది. వేగంగా తగ్గడం గొప్ప కాదని, నిలబెట్టుకోవడమే అసలైన కష్టమని ఇది తెలియజేస్తుంది.

వీటికి తోడు వంశపారంపర్యం, నిద్రలేమి, థైరాయిడ్ లోపం, పీసీఓఎస్, స్టెరాయిడ్ల వంటి మందులు, కాన్పుల మధ్య విరామం లేకపోవడం వంటివి ఉన్నాయి. మన స్త్రీలకు నిర్భయంగా నడిచే చోటు దొరకకపోవడమూ ఒక కారణమే. ఇన్ని కారణాలు ఉండగా ఒక మనిషి ఈమాన్‌నో, సోమరితనాన్నో నిందించడం తగదు.

అలాగని ఉన్నదానితో సరిపెట్టుకోమని మేము చెప్పడం లేదు. ఊబకాయం మధుమేహానికి, రక్తపోటుకు, గుండె జబ్బుకు, కీళ్ల అరుగుదలకు దారి తీస్తుంది. భారతీయులలో ఈ ప్రమాదం తక్కువ బరువు వద్దనే మొదలవుతుంది గనుక బీఎంఐ 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే ఊబకాయంగా మన వైద్యులు పరిగణిస్తున్నారు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించితే పరీక్షలు చేయించుకోవాలి.

మనకు ఆదర్శమైన గృహం

అంతిమ హజ్ సందర్భంగా ముజ్దలిఫా రాత్రిని స్మరించండి. హజ్రత్ సౌదా (రజి) భారీ దేహం గలవారు, మెల్లగా నడిచేవారు. జనసందోహానికి ముందే బయలుదేరడానికి అనుమతి కోరారు. దైవప్రవక్త (స) ఆమెను ఒక్క మాటా అనకుండా అనుమతించారు. ఆ అనుమతి తాను కూడా కోరి ఉంటే బాగుండేదని తరువాతి కాలంలో హజ్రత్ ఆయిషా (రజి) అనుకున్నారు. దేహభారం అక్కడ సౌకర్యం కల్పించడానికి కారణమైంది, పరిహాసానికి కాదు.

హజ్రత్ ఆయిషా (రజి) ఒక ప్రయాణంలో ఆయన (స)తో పరుగు పందెం వేసి గెలిచారు. కొంతకాలానికి, ఆమె ఒళ్లు చేసిన తరువాత, మళ్లీ పరుగెత్తగా ఆయన (స) గెలిచి, ఆ మొదటి ఓటమికి ఇది బదులని చమత్కరించారు. భార్య బరువు పెరిగితే ఆమెతో కలిసి పరుగెత్తిన భర్త ఆయన. నేటి భర్తలలో ఎందరు భార్యతో కనీసం కలిసి నడుస్తున్నారు?

ఒకరినొకరు ఎగతాళి చేసుకోవడాన్ని, నొప్పించే మారుపేర్లతో పిలవడాన్ని దివ్య ఖుర్ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా స్పష్టంగా నిషేధించింది. "మోటీ" అనే పిలుపు ఎంత ముద్దుగా అన్నా ఈ నిషేధం పరిధిలోనిదే.

రమజాన్ పేరిట నిరాశ

ఉపవాసాలతో బరువు తగ్గుతుందని ఆశపడి, ఈదుల్ ఫిత్ర్ నాటికి పెరిగిన తూకం చూసి కుంగిపోయేవారు అనేకులు. ఉపవాసం ఆరాధన, దానిని బరువు తగ్గించే పథకంగా మార్చుకుంటే రెండింటిలోనూ నిరాశే మిగులుతుంది. పగలంతా ఖాళీగా ఉన్న కడుపును నూనెలో వేగిన సమోసాలు, రంగు షర్బతులు, అర్ధరాత్రి హలీమ్, తీరని నిద్రతో నింపితే బరువు పెరగక మానదు. ఖర్జూరం, నీళ్లు, పండ్లతో ఇఫ్తార్ చేసి, మగ్రిబ్ తరువాత ఒక్కసారి మితంగా భోజనం చేసి, సహరీని మానకుండా ఉంటే దేహానికి, తరావీహ్‌కూ మేలు. మధుమేహ మందులు వాడేవారు రమజాన్‌కు ముందే వైద్యునితో మాట్లాడి మోతాదు సరిచేసుకోవాలి.

ఇల్లంతా కలిసి నడిస్తే

లక్ష్యం చిన్నదైతే మనసు నిలబడుతుంది. 2002లో వెలువడిన అమెరికా అధ్యయనంలో, మధుమేహపు అంచున ఉన్నవారు ఏడు శాతం బరువు తగ్గడం, వారానికి 150 నిమిషాల శ్రమ అనే లక్ష్యాలతో సాగి, ఆ వ్యాధి బారిన పడటాన్ని 58 శాతం తగ్గించుకోగలిగారు. 80 కిలోల మనిషికి ఏడు శాతం అంటే ఆరు కిలోల లోపే. 2006లో చెన్నై వైద్యులు ప్రకటించిన అధ్యయనం మరింత ఊరటనిస్తుంది. అందులో ఆహారం, నడక మార్చుకున్నవారి బరువు చెప్పుకోదగినంత తగ్గకపోయినా మధుమేహం ముప్పు 28 శాతానికి పైగా తగ్గింది. తూకం కదలని రోజున కూడా శ్రమ వ్యర్థం కాదు.

లావుగా ఉన్న బిడ్డకు వేరే కంచం పెట్టకండి, ఇంటి వంటనే మార్చండి. బగారా అన్నం తగ్గించి ఆకుకూర, పప్పు, కాయగూరలు పెంచితే అది అందరికీ మేలు. ఫజ్ర్ తరువాత వాడలోని నలుగురు స్త్రీలు కలిసి నడిస్తే భయమూ, బిడియమూ తగ్గుతాయి. వీలు లేనిచోట మేడ పైన నడిచినా సరే. తూకం రోజూ చూసుకుని కుంగడం కన్నా వారానికొకసారి చూసుకోవడం మేలు. అదుపు లేని తిండి, నిరంతర దుఃఖం ఉంటే మానసిక వైద్యుని సంప్రదించండి.

ఊబకాయానికి వారానికొకసారి తీసుకునే కొత్త ఇంజక్షన్లు 2025 నుంచి మన దేశంలోనూ లభిస్తున్నాయి. అవి ఆకలిని తగ్గిస్తాయి, కొందరికి ఎంతో ఉపకరిస్తాయి. అయితే సెమాగ్లూటైడ్‌ను ఆపివేసినవారు తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు ఏడాదిలో తిరిగి పొందినట్లు తేలింది. కనుక వైద్యుని పర్యవేక్షణ లేకుండా, పొరుగువారి మాట విని కొనకూడదు. బరువు ప్రాణాంతకమైనప్పుడు శస్త్రచికిత్స కూడా ఒక మార్గమే. మందు తీసుకున్నవారిని "సులువు దారి పట్టారు" అని దెప్పిపొడవడం మరో అన్యాయం.

ఇక దావతులకు పిలిచే గృహస్థులకు మా మనవి. అతిథి చాలన్నప్పుడు గరిటె ఆపండి. అతిథి మర్యాద అతని మాటను గౌరవించడంలో ఉంది. బంధువులు కలిసినప్పుడు దేహం గురించి కాక ఆరోగ్యం గురించి, చదువు గురించి, కష్టసుఖాల గురించి అడగండి. ఎన్నో ఏళ్లుగా వెనుక వరుసలో నిలబడిన ఆ సోదరిని ముందుకు పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి. ఇతరుల దేహాలను మన నోళ్ల నుంచి, మన దేహాలను మన నిర్లక్ష్యం నుంచి అల్లాహ్ కాపాడుగాక. ఆమీన్.