డ్రాక్యులా కొడుకొచ్చాడు!

నడిరాత్రి. అడవిలోంచి ఓ యువకుడు పరుగెత్తుకొస్తుంటాడు. పాలిపోయిన ముఖం, వెండిరంగు పొడవాటి జుట్టు, నల్లకోటు. ఎదురుగా కొండంత కోట. ఆగడు, వెనక్కి చూడడు. నేరుగా లోపలికి వెళ్లిపోతాడు. ఆ కోట వాళ్ల నాన్నదే. కానీ అతనొచ్చింది నాన్నను పలకరించి పోదామని కాదు... అడ్డుకోవడానికి!

ఆ నాన్న పేరు డ్రాక్యులా. కొడుకు పేరు అలుకార్డ్. 1997లో జపాన్ సంస్థ కొనామి ప్లేస్టేషన్ కోసం విడుదల చేసిన ‘కాజిల్‌వేనియా: సింఫనీ ఆఫ్ ది నైట్’ వీడియోగేమ్‌లో అతని కథ ఇలా మొదలవుతుంది. దాని తర్వాత ఎన్ని కొత్త ఆటలు వచ్చినా, దీన్ని మళ్లీ మళ్లీ ఆడేవాళ్లు మాత్రం తగ్గలేదు. ఏముంది అందులో?

కొరడా పట్టిన కుటుంబం

డ్రాక్యులా అనగానే గుర్తొచ్చేది ఐర్లాండ్ రచయిత బ్రామ్ స్టోకర్. ఆయన నవల వచ్చింది 1897లో. ఆ రక్తపిశాచిని కొనామి 1986లో వీడియోగేమ్‌లోకి తెచ్చింది. అందులో హీరో సైమన్ బెల్మాంట్. కొరడా ఝళిపిస్తూ దెయ్యాలను తరిమేస్తాడు. గోడ పగలగొడితే లోపల వేడివేడి మాంసం దొరుకుతుంది, తింటే ఒంట్లోకి శక్తి వస్తుంది! పాడుబడ్డ గోడలో వంటకం ఎవరు పెట్టారని అడక్కూడదు. అదంతే.

తర్వాత వచ్చిన ఆటల్లోనూ ఎక్కువగా బెల్మాంట్ వంశంవాళ్లే కథానాయకులు. ‘సింఫనీ’ దగ్గరికొచ్చేసరికి మాత్రం కథ అడ్డం తిరిగింది. 1792లో డ్రాక్యులాను ఓడించిన రిక్టర్ బెల్మాంట్ కనిపించకుండా పోతాడు. నూరేళ్లకోసారి మాత్రమే లేచే కోట 1797లోనే మళ్లీ ప్రత్యక్షమవుతుంది. అప్పుడు నిద్రలేస్తాడు అలుకార్డ్. డ్రాక్యులా పేరును ఇంగ్లిషులో వెనకనుంచి చదవండి... అలుకార్డ్ అని వస్తుంది! 1943 నాటి ఓ హాలీవుడ్ సినిమాలో పుట్టిన చమత్కారమిది. తండ్రి రక్తపిశాచి, తల్లి లీసా మామూలు మనిషి. మంత్రగత్తె అని ముద్రవేసి ఆమెను జనమే చంపేశారు. ఆ కోపంతో తండ్రి మనుషులందరి మీదా పగబట్టాడు. ఆ బాధనే దిగమింగుకుని కొడుకు మనుషుల పక్షాన నిలబడ్డాడు. ఆట అంతా ఈ ఇద్దరి మధ్యే.

దారి మీరే వెతుక్కోవాలి

పాత ఆటలు మెట్లెక్కినట్టు ఒకదాని తర్వాత ఒకటిగా సాగేవి. చేయి తిరిగినవాళ్లు చకచకా ముగించేవారు. రానివాళ్లు మొదట్లోనే ఆగిపోయేవారు. తోరు హగిహారా, కోజీ ఇగరాషి బృందం ఆ పద్ధతి మార్చింది. కోట మొత్తాన్ని తెరిచి పెట్టేసింది. శత్రువులను ఓడించేకొద్దీ అలుకార్డ్ బలం పెరుగుతుంది. వేళ్లు చురుగ్గా కదలకపోయినా ఓపిక ఉంటే చాలు, ముందుకెళ్లొచ్చు.

అలాగని తేలికేం కాదు. మొదట్లోనే మృత్యుదేవత ఎదురొచ్చి అతని ఆయుధాలన్నీ లాక్కుంటుంది. అక్కణ్నుంచి ఖాళీ చేతులతో మొదలు. ఎక్కడో అందనంత ఎత్తులో ఓ తలుపు. గబ్బిలంగా మారే శక్తి దొరికాక తిరిగి రావాలి. ఇంకోచోట ఇనుప ఊచలు. పొగమంచులా మారితేనే అవి దాటగలరు. సేవ్ చేసుకునే గది చేరకముందే ప్రాణం పోయిందా... అప్పటిదాకా పడిన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే! ఇలా తిరిగిన దారుల్లోనే మళ్లీ తిరుగుతూ కొత్తవి కనుక్కునే ఆటలకు ‘మెట్రాయిడ్‌వేనియా’ అన్న పేరే స్థిరపడింది. ‘మెట్రాయిడ్’ ఇంకో పాత ఆట. ‘వేనియా’ దీన్నుంచే వచ్చింది.

అప్పట్లో అందరూ త్రీడీ మోజులో ఉంటే వీళ్లు పాత పద్ధతిలోనే బొమ్మలు గీశారు. పాత్రలకు అయామి కొజిమా రూపమిచ్చారు. చర్చి ఆర్గాన్‌నూ రాక్ గిటార్‌నూ కలిపి మిచిరు యమానె బాణీలు కట్టారు.

కళ్లద్దాలు పెట్టుకున్నారా?

అసలు కిటుకు సగంలో ఉంది. (కథ చెప్పేస్తున్నామని కోప్పడకండి!) కోట పైన రిక్టర్ కనిపించి, ఈ కోటకు యజమానిని నేనే అంటాడు. కత్తి దూసి అతణ్ని చంపేస్తే ఆట అయిపోతుంది. గెలిచామనుకుని టీవీ కట్టేసిన వాళ్లెందరో!

నిజానికి రిక్టర్ దోషి కాదు. షాఫ్ట్ అనే దుష్టపూజారి అతణ్ని ఆడిస్తుంటాడు. అది తెలియాలంటే కోటలో రెండు ఉంగరాలు వెతకాలి. వాటి మీద సగం సగం మాటలుంటాయి. కలిపి చదివితే గడియారం దగ్గర పెట్టుకోమన్న సూచన. అలా చేస్తే దారి తెరుచుకుంటుంది, పవిత్రమైన కళ్లద్దాలు దొరుకుతాయి. వాటితో చూస్తేనే రిక్టర్ మీద తిరుగుతున్న మాయగోళం కనిపిస్తుంది. కొట్టాల్సింది దాన్ని, మనిషిని కాదు. అప్పుడు ఆకాశంలో మరో కోట కనిపిస్తుంది... తలకిందులుగా! అందుకే ఈ ఆటలో మూలమూలా తిరిగినవాళ్ల లెక్క వంద శాతం కాదు, 200.6 శాతం!

చందమామ చదివి పెరిగినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. బేతాళ కథలను 1870లో ఇంగ్లిషులోకి తెచ్చిన రిచర్డ్ బర్టన్ ఆ పుస్తకం పేరులో బేతాళుణ్ని ‘వాంపైర్’ అనే అన్నాడు. మన బేతాళుడు రక్తం తాగడు, ప్రశ్న అడుగుతాడు. ఈ ఆటా అంతే. ఎదుటివాణ్ని దోషి అనేముందు సరిగ్గా చూశావా అని అడుగుతుంది. కొందరు చేసిన తప్పుకు అందరినీ ద్వేషించిన డ్రాక్యులా ఆ ప్రశ్న దగ్గరే ఓడిపోయాడు.

రక్తం, రాక్షసులు ఉన్నాయి కాబట్టి అమెరికాలో దీన్ని 13 ఏళ్లు దాటినవారికే అన్నారు. చిన్నపిల్లలకు వద్దు. కాస్త పెద్ద పిల్లలైతే పక్కన మీరూ కూర్చోండి. 2018లో ప్లేస్టేషన్ 4కీ, 2020లో సెల్‌ఫోన్లకీ ఈ ఆట వచ్చింది.

చివర్లో ఓడిపోయి నేలకూలిన డ్రాక్యులా కొడుకుని ఒక్కటే అడుగుతాడు... మీ అమ్మ ఆఖరి మాటలేమిటని. మనుషులను ద్వేషించొద్దంది అని చెబుతాడు కొడుకు. అంతటి రక్తపిశాచీ భార్యను క్షమించమని వేడుకుంటాడు. అంతసేపూ బటన్లు టకటకా నొక్కిన వేళ్లు అక్కడ కాసేపు ఆగిపోతాయి!